ఎరువు దాటని రాయి

పార్వతమ్మ చేనికి చెరువు వైపు కొసన ఒక రాయి ఉంది. మోకాలెత్తు నల్లరాయి. ఏటా ఎరువు తోలే ముందు ఆమె దానికి పసుపు రాసి కుంకుమ పెడుతుంది. జూన్ మొదటివారంలో ఒక పొద్దున ఆవులకు గడ్డి కోయడానికి వెళ్లేసరికి, ఆ పసుపు మీద, ఆ కుంకుమ మీద చిక్కగా జిగురు పూసి ఎవరో నోటీసు అంటించి పోయారు. పక్కనే కరెంటు స్తంభం ఉంది, మోటారు గది గోడ ఉంది. అవేవీ ఆ మహానుభావుల కళ్లకు ఆనలేదు.

కోడలు సుమ వచ్చి చదివింది. కన్నడంలో టైపు చేసిన కాగితం. చెరువులో చేపలు చచ్చిపోయాయి, నీళ్లు పచ్చబడి కంపు కొడుతున్నాయి, ఒడ్డున ఉన్న చేనిలో వేసిన పశువుల ఎరువు వానకు కొట్టుకొచ్చి చెరువులో కలవడమే ఇందుకు కారణమని అపార్ట్‌మెంటువాసుల సంఘం ఫిర్యాదు చేసింది. పది రోజుల్లో అధికారి తనిఖీకి వస్తాడు. నిజమని తేలితే ఆ చేనిలో సాగు ఆపేయాలి.

"ఇంగొకసారి చదువు" అంది పార్వతమ్మ.

సుమ మళ్లీ చదివింది.  ఎకరన్నర చేను. దాన్లో రాగులు, రాగుల్లో అంతరపంటగా అనప, గట్టున మూడావులకు మేత. పార్వతమ్మ భర్త మునినారాయణప్ప రోజూ డెయిరీలో పోసి వచ్చే పాలూ ఆ ఆవులవే. అది తప్ప వాళ్లకు వేరే నేల లేదు.

"నన్నడిగినారా? ఎవురన్నా వచ్చి, ఏమ్మా, నువ్వు ఎరువు ఎట్ల వేస్తావు, ఎప్పుడు వేస్తావు అని ఒక్క మాట అడిగినారా?" అని పార్వతమ్మ చెరువు అవతలి గట్టు వైపు తిరిగి అరిచింది. అక్కడ మెరక మీద పధ్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటు. ఆ అరుపు అంత దూరం పోదు. పోయినా అద్దాల కిటికీలు మూసి ఉంటాయి.

ఆమె కోపం ఊరికే వచ్చిన కోపం కాదు. దొడ్డబళ్ళాపురం రోడ్డు పక్కన ఆ చుట్టుపట్ల నాలుగూళ్లలో ఆమెను దిబ్బ పార్వతమ్మ అంటారు. వెక్కిరింపుగా మొదలైన పేరే కానీ, ఇప్పుడు అలా పిలిచేవాళ్లే విత్తనాలప్పుడు ఆమె దగ్గరికి సలహాకు వస్తారు. ఎరువు విషయంలో ఆమెకున్న పట్టింపు కొందరికి మడి విషయంలో కూడా ఉండదు. ఆ పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ముప్పై ఏడేళ్లు వెనక్కి పోవాలి.

పెళ్లయి వచ్చిన రెండో ఏడు. అత్త అక్కయమ్మ కూతురి కాన్పుకని చింతామణి వెళ్లింది. ఇరవై రోజులు రాదు. అత్త వచ్చేలోపు పని ముగించి మెప్పు పొందాలని కొత్త కోడలు ఎద్దులబండి మీద ఎరువంతా చేనికి తోలించి, ఊళ్లో అందరూ చేసినట్టే, చేనంతా చిన్న చిన్న కుప్పలుగా పోయించింది. దున్నడం ఇంకో వారానికి చూద్దాంలే అనుకుంది. వారం రెండు వారాలైంది. కుప్పలు ఎండకు ఎండి, బలం సగం గాలికి పోయింది. మిగిలిందాంట్లో కొంత ఒక సాయంత్రం దంచికొట్టిన వానకు కుప్పల కిందే ఇంకింది, కొంత కారి చెరువులో కలిసింది.

అక్కయమ్మ తిరిగొచ్చి ఒక్క మాటా అనలేదు. రాగులు వెన్ను వేసేదాకా ఆగింది. అప్పుడు కోడలి చెయ్యి పట్టుకుని చేనిలోకి తీసుకుపోయింది. కుప్ప పోసిన ప్రతి చోటా గుండ్రంగా పైరు రొమ్మెత్తు పెరిగి, ముదురాకుపచ్చగా నిగనిగలాడుతూ, నిలబడలేక నేలకొరిగి ఉంది. వెన్ను పట్టి నలిపితే సగం తాలు. కుప్పకూ కుప్పకూ మధ్య పైరు జానెడు లేదు, పసుపు తిరిగి ఉంది. ఒక చోట తిండి ఎక్కువై పడిపోయింది, పక్కనే తిండి లేక ఎండిపోయింది. చెరువు నీళ్లు ఆ ఏడే మొదటిసారి పచ్చబడ్డాయి. ఆవులు మూతి పెట్టి వెనక్కి తీశాయి.

"కష్టం నువ్వు చేసినావు, కూడు చెరువుకు పెట్టినావు" అంది అక్కయమ్మ. ఆ వారంలోనే చెరువు నీటి అంచు నుంచి పన్నెండు అడుగులు కొలిచి ఈ నల్లరాయి నాటించింది. ఎరువు ఈ రాయి దాటకూడదు. రాయికి అవతల గడ్డి తప్ప ఇంకేమీ పెరగకూడదు. చేను నుంచి ఎంత నీరు జారినా ఆ దట్టమైన గడ్డి దగ్గర ఆగి, మట్టీ మశానమూ అక్కడే వదిలి పోవాలి. ఇదీ కట్టుబాటు.

ఆనాటి నుంచి పార్వతమ్మ ఎరువు పద్ధతి మారలేదు. ఏడాదంతా గుంటలో మాగబెడుతుంది. దీపావళికి ఆ దిబ్బ మీద దీపం పెడుతుంది. తొలివాన పడి నేల మెత్తబడ్డాక, ట్రాక్టరువాడి నోటివెంట ఫలానా పొద్దున వస్తానన్న మాట రానిదే దిబ్బ మీద పార పెట్టదు. తోలిన పూటే చల్లాలి, చల్లిన పూటే దున్ని మట్టిలో కలపాలి. ఒక్క గంపెడు కూడా చేని మీద రాత్రి నిద్రచేయకూడదు. కొంత ఎరువు జల్లించి పక్కన పెట్టి, విత్తేటప్పుడు గింజతో కలిపి సాలులో వేస్తుంది. పక్క చేన్లవాళ్లు ఆమెకు రెండింతలు ఎరువు తోలి ఎకరానికి పన్నెండు మూటలు చూస్తే, ఆమెకు పద్దెనిమిదికి తగ్గవు. అటువంటి మనిషి రాయి మీద నోటీసు అంటించారు!

ఆ రోజు గడ్డి కోయడం మానేసి ఆమె చెరువు గట్టు మీద నడక మొదలుపెట్టింది. తన చేని వైపు నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి, అంచున రెండు మూడు చేపలు తేలుతున్నాయి. నడిచేకొద్దీ నీళ్లు పచ్చబడుతూ వచ్చాయి. అవతలి గట్టు దగ్గర, అపార్ట్‌మెంటు ప్రహరీ కింద నుంచి వచ్చే లావుపాటి గొట్టం మూతి దగ్గర, చేపలు తెల్లటి కడుపులు పైకి పెట్టి కుప్పలుగా పడి ఉన్నాయి. చేపలు ఎక్కడ ఎక్కువ చచ్చాయో అక్కడికి ఒక్కడూ పోయి చూడలేదు. కంపు వచ్చింది, కిటికీలోంచి చూశారు, ఆవులూ పేడదిబ్బా ఉన్న ఆడమనిషి కనిపించింది. వాళ్ల విచారణ అక్కడికి ముగిసింది.

ప్రహరీకి ఒక చోట ఇనుప కంచె ఉంది. దాన్లోంచి చూస్తే లోపల పచ్చగడ్డి మైదానం. వాళ్లు దాన్ని లాన్ అంటారు. పచ్చగడ్డే కానీ పచ్చదనం కనబడటం లేదు. దాని మీద రెండంగుళాల మందాన నల్లగా ఎరువు పరిచి ఉంది. మధ్యలో నీళ్లు చిమ్మే గొట్టాలు గిర్రున తిరుగుతున్నాయి. ఎరువు మీద పడ్డ నీళ్లు కాఫీ రంగులో వాలుకు జారి, సిమెంటు కాలువలో పడి, నేరుగా ఆ గొట్టంలోకి పోతున్నాయి.

పార్వతమ్మకు నవ్వు రాబోయింది. అంతలో కంచె పక్కన పడి ఉన్న ఎరువు చూసి దగ్గరికి వంగింది. చెయ్యి దూర్చి గుప్పెడు తీసుకుంది. అందులో వేలెడు వేలెడు పుల్లలు. మల్బరీ పుల్లలు. దొడ్డబళ్ళాపురం దగ్గర ఆమె తమ్ముడు పట్టుపురుగులు పెంచుతాడు. పురుగులు తినగా మిగిలిన ఆకూ పుల్లా ఆమె తెచ్చి తన దిబ్బలో కలుపుతుంది. ఆ చుట్టుపట్ల అలా కలిపేది ఆమె ఒక్కతే. చేపల్ని చంపిన ఎరువు తనదే.

వేసవిలో రెండు ట్రాలీల ఎరువు మిగిలితే నాగరాజుకు ఇచ్చింది. పక్క ఊరివాడు, తోటపని కాంట్రాక్టు చేస్తాడు, అక్కా అని పిలుస్తాడు. ఆ మధ్యాహ్నమే వాణ్ణి పిలిపించింది.

"పూలతోటకని చెప్పి తీసకపోతివి కదప్పా?"

"పూలూ ఉండాయి అక్కా లోపల..."

"మట్టిలో కలపమని చెప్పినానా లేదా?"

"చెప్పినావు అక్కా. లాన్ తవ్వితే వాళ్లు ఒప్పుకోరు. పైన పరిచి నీళ్లు పట్టు, వాన వస్తే అదే లోపలికి దిగిపోతాది అన్నారు. నల్లగా చూసేదానికి బాగుండాదని ఇంకో పొర కూడా వేయించినారు. నేనేం చేయాల?"

"నోరుండాది కదా, అది చేయాల్సింది!" అంది ఆమె. నాగరాజు తల వంచుకుని పోయాడు.

ఇంటికొచ్చాక సుమ తలుపు దగ్గరగా వేసి మెల్లగా చెప్పింది. "అత్తా, ఎరువు మనదని యాడా అనొద్దు. ఆ మాట బయటికి వస్తే ఆ కాగితం నిజమైపోతాది. నాగరాజు చెప్పడు. నువ్వు చెప్పకుంటే చాలు."

మాట నిజమే. పార్వతమ్మకు కోపం రెట్టింపైంది అక్కడే. ముప్పై ఏడేళ్లు ఒక్క గంప ఎరువును రాయి దాటనివ్వని మనిషి, ఇప్పుడు తన ఎరువును తనది కాదని దాచుకోవాలి. ఏమీ తెలియనివాళ్లు మాత్రం తలెత్తుకుని ఫిర్యాదులు రాస్తారు. తనిఖీ రోజు వరకు ఆమె ఆ సంగతి మీద పెదవి విప్పలేదు. సుమ అది ఒప్పుకోవడం అనుకుంది.

అధికారి పేరు దేవరాజ్. చింతామణి వైపువాడే, తెలుగు వచ్చు. చేతిలో అట్టకు బిగించిన ఫారం. అతనితో సంఘం సెక్రటరీ గీతాంజలి వచ్చింది. విజయవాడ అమ్మాయి, కుందలహళ్ళిలో కంప్యూటర్ ఉద్యోగం. తలకు టోపీ, చేతిలో ఫోను. ముక్కుకు అడ్డంగా చున్నీ.

"ఆంటీ, ఇది మీ మీద పర్సనల్‌గా ఏమీ కాదు. మాకు లేక్ ముఖ్యం, అంతే. పిల్లలు బాల్కనీలోకి కూడా రాలేకపోతున్నారు" అంది గీతాంజలి.

"నాకూ చెరువు ముఖ్యమే తల్లీ. నువ్వు వచ్చి ఎన్నేండ్లాయె?"

"మూడు."

"సరే" అని పార్వతమ్మ మూడు బిందెల నీళ్లు, రెండు స్టీలు పళ్లేలు తెమ్మని సుమకు చెప్పింది.

మొదట చేనిలో. మే నెల నడిమిలో ఎరువు చల్లి దున్నిన చోట, వాలు మీద, బిందె నీళ్లు కుమ్మరించింది. రాయికి అవతల, గడ్డి చివర, నేలలో పళ్లెం పాతి పెట్టింది. మట్టి ఆ నీళ్లను తాగేసింది. పళ్లెంలోకి ఏమీ రాలేదు. ఇంకో బిందె పోస్తే గడ్డి సందుల్లోంచి గుక్కెడు నీళ్లు వచ్చాయి, కాస్త మసకగా.

"ఇప్పుడు మీ ఇంటికి పోదాం పా" అంది. గీతాంజలికి అర్థం కాలేదు కానీ దేవరాజ్ కదిలాడు, ఆమె కూడా కదలక తప్పలేదు.

లాన్ అంచున సిమెంటు కాలువలో రెండో పళ్లెం పెట్టి పార్వతమ్మ ఒకే ఒక బిందె పోసింది. పళ్లెం నిండిపోయింది. నల్లగా, నురగతో, పైన మల్బరీ పుల్లలు తేలుతూ. ఆ వాసనకు గీతాంజలి చున్నీ ఇంకా గట్టిగా అదుముకుంది. ఆ వాసన ఆమె మూడు వారాలుగా పార్వతమ్మ ఖాతాలో వేస్తున్న వాసనే.

దేవరాజ్ వంగి ఒక పుల్ల తీసి చూశాడు. "ఇది ఎవురి గొబ్బరమమ్మా, ఈ ఎరువు?"

సుమ అత్త వైపు చూసింది. వద్దన్నట్టు తల ఊపింది.

"నాదే" అంది పార్వతమ్మ. "నా దిబ్బలో మాగిందే. నా చేనిలో ఉండేది అదే, ఈడుండేది అదే. ఒకే దిబ్బ. ఆడ మట్టి కింద ఉండాది, రాగులవుతుంది. ఈడ నెత్తి మీద ఉండాది, చేపల్ని చంపింది. నా ఎరువు చేసిన పాపం కాదప్పా ఇది, వేసినోళ్లు చేసిన పాపం."

దేవరాజ్ పుల్లను పళ్లెంలో వేశాడు. తర్వాత ఫారం చూశాడు. పేజీ తిప్పి వెనక కూడా చూశాడు.

"నువ్వు చెప్పేది నిజమే. కండ్లతో చూసినా. అయితే దీంట్లో వ్యవసాయ భూమి అని ఉండాది, సర్వే నంబరు, పంట పేరు, ఎరువు రకం. లాన్‌కు కాలమ్ లేదు. ఎరువు ఎవురిదని ఉండాది. దాని ఎదురుగా నీ పేరే రాయాల్సి వస్తుంది. కంప్లైంట్ ఇచ్చినోళ్లు రాతలో వెనక్కి తీసుకుంటే తప్ప..."

"ఎట్ల వేసినారని లేదా దాంట్లో?"

"లేదమ్మా."

చూశారా ఎంత చక్కని ఫారమో! మనుషులు తినే పంట పండించేవాణ్ణి పట్టుకోవడానికి గీతలు గీసుకున్నారు. ఎవరూ తినని గడ్డికి బువ్వ పెట్టి చెరువును చంపేవాళ్లకు గీతే లేదు. పార్వతమ్మకు ఒళ్లు మండిపోయింది. గీతాంజలి వైపు తిరిగింది.

"నువ్వు చూసినావు కదా. రాసియ్యి."

గీతాంజలి ముఖం ఎర్రబడింది. ఆమె చెడ్డ మనిషి కాదు, చూసిందాన్ని చూడలేదని అనలేదు. "రాస్తాను ఆంటీ. కానీ నేనొక్కదాన్నే డిసైడ్ చేయలేను. సండే మీటింగ్‌లో పెడతాను. గ్రూప్‌లో అందరి ఒపీనియన్ తీసుకుని..."

"ఆదివారమా?" పార్వతమ్మ ఉత్తరం వైపు చూసింది. నందికొండ మీద మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది. "వాన ఆదివారం దాకా ఆగుతుందా మీ మీటింగ్ కోసం?"

 ఆమె గోడకు ఆనించి ఉన్న పార తీసుకుని, కొంగు నడుముకు చుట్టి, లాన్ మధ్యలోకి నడిచింది. మొదటి పెట్టు పడగానే పచ్చగడ్డి పెల్లగిలి ఎర్రమట్టి బయటపడింది. ఎరువును దాన్లోకి లాగి, పైన మట్టి కప్పి, ఇంకో పెట్టు వేసింది. కాపలావాడు విజిల్ ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. పైనున్న బాల్కనీల్లో తలలు కనిపించాయి.

"ఆంటీ! లాన్ పాడైపోతుంది!" అని గీతాంజలి కేక పెట్టింది.

"పాడవనీ! నా ఎరువు ఇది. చేపల్ని చంపిందని నా పేరు పెట్టినారు దీనికి. ఇంగొక వానకు దాన్ని పోనీను. కాలమ్ లేకుంటే లేకపాయె, పార ఉండాది నాకు."

కాపలావాడు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. పార పట్టిన ఆ మనిషిని పట్టుకుని లాగే ధైర్యం అతనికి లేకపోయింది. లోపల పూలమొక్కల దగ్గర పనిలో ఉన్న నాగరాజు ఇంకో పార తెచ్చి రెండో చివర మొదలుపెట్టాడు. సుమ చేతులతోనే ఎరువు లాగి సాలులో వేయసాగింది.

నాలుగు గంటలకు తొలి చినుకులు పడ్డాయి. మూడో వంతు లాన్ తిరగబడింది, అంతే. వాన పెద్దదయ్యాక తవ్విన చోట నీళ్లు ఇంకుతున్నాయి, తవ్వని చోట నల్లగా కాలువ కట్టి గొట్టంలోకి పోతున్నాయి. గొడుగు కింద నిలబడ్డ గీతాంజలికి ఆ రెండూ పక్కపక్కనే కనబడుతున్నాయి. పార్వతమ్మ తడిసి ముద్దై, ఆగకుండా పార వేస్తూనే ఉంది. చివరికి గీతాంజలి దేవరాజ్ దగ్గర తెల్లకాగితం అడిగి, గేటు గదిలో కూర్చుని రాసింది. తప్పు చేనిది కాదు, మా తోటలో ఎరువు పైన పరిచి వదిలేయడం వల్ల జరిగింది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం. సంతకం పెట్టింది. సండే మీటింగ్‌లో తనను ఏమంటారో ఆమెకు తెలుసు.

సుమకు ఏడుపొచ్చింది. పార్వతమ్మ మాత్రం ఆ కాగితం చూసి సంతోషించలేకపోయింది. మిగిలిన రెండు వంతుల ఎరువు పోకూడని చోటికే పోయింది, చెరువులో ఇంకొన్ని చేపలు తేలుతాయి. అదంతా ఆమె ఏడాది కష్టం.

"రేపటి నుంచి మా గార్డెనర్‌కి ఎలా వేయాలో మీరు చూపిస్తారా ఆంటీ?" అని అడిగింది గీతాంజలి.

"చూపిస్తా. మొదట నువ్వొచ్చి నా రాయి మీది కాగితం తీయి. అంటించిన చేతులతోనే తీయాల."

"నేను అంటించలేదు ఆంటీ..."

"అంటించమని రాసిన చేతులు నీవే కదా."

మర్నాడు పొద్దున గీతాంజలి నిజంగానే వచ్చింది. బకెట్టు, కొబ్బరిపీచు, ఒక బ్రష్షు తెచ్చుకుంది. వానకు తడిసి కూడా ఆ నోటీసు ఊడిరాలేదు, అంత బాగా అంటించారు. ఆమె గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని గీకసాగింది. కాగితం కింద నుంచి పసుపు కనిపించింది.

"సారీ ఆంటీ, ఇది పూజ చేసే రాయని తెలీదు. ఏ దేవుడు?"

"దేవుడు కాదమ్మా. ఎరువు ఇది దాటి చెరువులో పడకూడదని మా అత్త నాటింది. ముప్పై ఏడేండ్లాయె. ఇంతవరకు దాటలే."

గీతాంజలి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. 

"ఆపొద్దు" అంది పార్వతమ్మ. "ఆ మూలన ఇంకా ఉండాది."